స్కానర్ వెనక తూములు: ఏ పోర్టులో ఏది పెట్టాలి, ఎలా పెట్టాలి

రేడియో స్కానర్, అంటే ఎన్నో ఫ్రీక్వెన్సీలు వరసగా వెతికి మాట దొరికిన చోట ఆగి వినిపించే పెట్టె, చేతికి రాగానే అందరూ ముందు స్విచ్ వేసి స్క్రీన్ చూస్తారు. మీరు ఆ స్విచ్ జోలికి వెళ్లకుండా ఒకసారి దాన్ని వెనక్కి తిప్పండి, చేత్తో పట్టుకునే రకం అయితే పైనా పక్కలా చూడండి. గుండ్రంగా ఒకటి, సన్నగా రెండు, పలకగా ఒకటి, రబ్బరు మూత కింద ఇంకొకటి, మొత్తం ఐదారు రంధ్రాలు కనిపిస్తాయి. నాకు తెలిసి స్కానర్ పాడైందని తీసుకొచ్చిన వాటిలో చాలావరకు స్కానర్లు బాగానే ఉన్నాయి, పెట్టకూడని చోట పెట్టకూడనిది పెట్టారంతే.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ సంగతి చెప్పడం తేలిక. పొలానికి రెండు తూములు ఉంటాయి కదా, పంట కాలువ నుంచి నీళ్లు లోపలికి వచ్చేది ఒకటి, మురుగు కాలువలోకి బయటికి పోయేది ఒకటి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా పని వేరు. స్కానర్ పోర్టులూ అంతే. యాంటెన్నా, కరెంటు, జీపీఎస్ లోపలికి వచ్చేవి. హెడ్‌ఫోన్, స్పీకర్, రికార్డ్ అవుట్, డిస్క్రిమినేటర్ బయటికి పోయేవి. యూఎస్‌బీ, ల్యాన్ రెండువైపులా నడుస్తాయి. కాబట్టి మొదటి పని ఇదీ: ఒక తెల్లకాగితం మీద మీ స్కానర్ వెనకవైపు బొమ్మ గీసి, మాన్యువల్ చూసుకుంటూ ఒక్కో రంధ్రం దగ్గర లోపలికో బయటికో బాణం గుర్తు వేయండి. పది నిమిషాల పని. ఆ కాగితాన్ని స్కానర్ పక్కనే గోడకి అంటించి పెట్టుకోండి, తుఫాను రాత్రి టార్చిలైటు వెలుతురులో అదే పనికొస్తుంది.

ఇంకొక మాట ముందే చెప్పాలి. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు ఉండాలన్నది 1933 చట్టం నుంచీ ఉన్నదే. పోలీసుల సంభాషణలు వినడానికి ఇది కొనకండి, అది నేరం. హామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియో నడిపే అమెచ్యూర్లకి ఇచ్చేది, తీసుకోండి, కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది, పరీక్ష రాయాలి, చదివితే కష్టం కాదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. నేను ఇక్కడ చెప్పేదంతా హామ్ బ్యాండ్లు, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్, వినడం గురించే.

సరే, యాంటెన్నాతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతావన్నీ ఎంత బాగా కలిపినా ఇక్కడ తప్పు జరిగితే వినడానికి ఏమీ ఉండదు.

యాంటెన్నా సాకెట్ రెండు రకాలు. బీఎన్‌సీ అయితే తోసి పావు వంతు తిప్పితే టక్కున కూర్చుంటుంది. ఎస్‌ఎంఏ అయితే సన్నటి మరలు ఉంటాయి, వేళ్లతో మెల్లగా తిప్పాలి. టేబుల్ మీద పెట్టే పెద్ద స్కానర్లకి ఎక్కువగా బీఎన్‌సీ, జేబులో పట్టేవాటికి ఎస్‌ఎంఏ. ఉదాహరణకి యూనిడెన్ ఎస్‌డీఎస్200కి బీఎన్‌సీ, ఎస్‌డీఎస్100కి ఎస్‌ఎంఏ. ఎస్‌ఎంఏ ఉన్నవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, వైఫై రౌటర్ యాంటెన్నా మరలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి గానీ చాలా రౌటర్లలో వాడేది రివర్స్ రకం, మధ్యలో సూది ఉండాల్సిన చోట గుంట ఉంటుంది, మర బిగిసినా సిగ్నల్ అందదు. రెండు, డాబా మీది నుంచి వచ్చే బరువైన కేబుల్‌ని ఎస్‌ఎంఏకి నేరుగా తగిలించకండి. ఆ బరువుకి లోపలి సాకెట్ బోర్డు మీంచి ఊడుతుంది. ఒక చివర ఎస్‌ఎంఏ, ఇంకో చివర బీఎన్‌సీ ఉన్న జానెడు మెత్తటి కేబుల్ ముక్క దొరుకుతుంది, అది మధ్యలో పెట్టండి. పెట్టడం తీయడం అంతా బీఎన్‌సీ వైపే చేయండి, ఎస్‌ఎంఏ మరలు ఎక్కువసార్లు తిప్పితే అరుగుతాయి.

కేబుల్ ఏది? చాలామంది దుకాణంలో దొరికిన ఆర్‌జీ-58 వేసేస్తారు. 20 మీటర్ల ఆర్‌జీ-58లో 435 మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెన్నా పట్టిన సిగ్నల్‌లో నాలుగో వంతు కూడా కిందికి చేరదు. వినడానికే అయితే డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ నయం, అది 75 ఓమ్‌ల కేబుల్, స్కానర్‌కి కావలసింది 50, అయినా ఆ తేడా వల్ల పోయేది చాలా తక్కువ, ధర కూడా తక్కువ. దాని ఎఫ్ పిన్ను నుంచి బీఎన్‌సీకి మార్చే అడాప్టర్ ఒకటి కొనుక్కోవాలి.

ఎత్తు విషయంలో మనకి అదృష్టం ఉంది, కొండలు లేవు. మీటర్లలో ఎత్తు తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. డాబా మీద పైపు పెట్టి 10 మీటర్ల ఎత్తు తెచ్చుకుంటే 13 కిలోమీటర్లు, అవతలివాడి యాంటెన్నా 50 మీటర్ల టవర్ మీద ఉంటే దానికి ఇంకో 29 కలపండి. అంటే అమలాపురంలో డాబా మీద కూర్చుని 40 కిలోమీటర్ల అవతల ఉన్న రిపీటర్, అంటే అందిన సిగ్నల్‌ని మళ్లీ గట్టిగా పంపే స్టేషన్, వినొచ్చన్నమాట. అలాగని కొబ్బరి చెట్టుకి కట్టకండి. కోనసీమలో ప్రతి ఒక్కరికీ వచ్చే ఆలోచనే ఇది, నాకూ వచ్చింది. చెట్టు ఊగుతుంది, ఊగినప్పుడల్లా కేబుల్ కనెక్టర్ దగ్గర మెలి తిరిగి లోపల తెగుతుంది, బాగుచేయాలంటే దింపు తీసేవాళ్లని బతిమాలుకోవాలి, అన్నిటికీ మించి మన దగ్గర పిడుగు ముందుగా చూసేది కొబ్బరి చెట్టునే. పిట్టగోడకి క్లాంపులతో జీఐ పైపు బిగించండి చాలు.

పైన కనెక్టర్ దగ్గర నీళ్లు దిగకుండా చూడడం అసలు పని. నేను పెట్టిన మొదటి యాంటెన్నా ఒక వానాకాలం బాగానే వినిపించింది, రెండో ఏడాది శ్రావణం వచ్చేసరికి దగ్గర్లోని రిపీటర్ కూడా ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. స్కానరే పోయిందనుకుని నెలరోజులు దాని సెట్టింగులన్నీ మార్చాను. చివరికి పైకెక్కి కనెక్టర్ విప్పితే రెండు చుక్కల నీళ్లు వేలి మీద పడ్డాయి. కేబుల్ తొక్క కత్తితో చీల్చాను. జల్లెడలా అల్లిన రాగి తీగలు మూర పొడవున నల్లబడిపోయి ఉన్నాయి, పిన్ను దగ్గర పచ్చగా చిలుం పట్టింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకని సాగదీసి చుడితే తనకి తనే అతుక్కుపోయే నల్ల రబ్బరు టేపు ఉంటుంది, అది కింది నుంచి పైకి చుట్టండి, పెంకుటింటి పెంకుల్లాగా పై చుట్టు కింది చుట్టు మీదికి రావాలి. దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు. కిటికీలోకి వచ్చే ముందు కేబుల్‌ని ఒక జానెడు కిందికి వేలాడనిచ్చి మళ్లీ పైకి తీసుకెళ్లండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ఇంట్లోకి రావు.

స్కానర్‌కి తగిలించే ముందు మల్టీమీటర్‌ని బీప్ గుర్తు మీద పెట్టి ఒక పరీక్ష, ముట్టించిన రెండు చోట్లూ లోపల కలిసి ఉంటే బీప్ వస్తుంది. రెండు చివర్లూ దేనికీ తగిలించకుండా, నడిమి పిన్నుకీ బయటి లోహానికీ మధ్య బీప్ రాకూడదు. ఈ చివర పిన్ను నుంచి ఆ చివర పిన్నుకి బీప్ రావాలి. కేబుల్ అప్పటికే పైకెక్కి ఉంటే అవతలి చివర పిన్నునీ బయటి లోహాన్నీ చిన్న వైరుతో కలిపి ఇవతల చూడండి, ఇప్పుడు బీప్ రావాలి, తర్వాత ఆ వైరు తీసేయండి.

ఇక కరెంటు. అడాప్టర్ పిన్ను లోపల పట్టినంత మాత్రాన అది మీ స్కానర్‌ది కాదు. మూడు చూడాలి: వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, నడిమి పిన్ను ప్లస్సా మైనస్సా. ఈ మూడోదాని గురించి స్కానర్ వెనకా అడాప్టర్ మీదా చిన్న బొమ్మ ఉంటుంది, మధ్యలో చుక్క, చుట్టూ సగం గుండ్రం, రెండిటికీ ప్లస్ మైనస్ గుర్తులు. రెండు బొమ్మలూ ఒకేలా ఉండాలి. రాసి ఉన్నదాన్ని కూడా నమ్మకుండా మల్టీమీటర్‌తో కొలవండి. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు 12 వోల్టులని రాసి ఉన్నా ఏమీ తగిలించనప్పుడు 16, 17 చూపిస్తాయి, అలాంటిది స్కానర్‌కి పెట్టకండి.

మన దగ్గర అసలు సంగతి కరెంటు పోయినప్పటిది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కరెంటు స్తంభాలు పడిపోయాక రోజులు గడుస్తాయి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటుంది కదా, స్కానర్ 12 లేక 13.8 వోల్టుల డీసీ తీసుకునే రకం అయితే నేరుగా దాని నుంచే ఇవ్వొచ్చు. ఇన్వర్టర్ ఆన్ చేసి, దానికి అడాప్టర్ పెట్టి, అడాప్టర్‌కి స్కానర్ పెట్టడం దండగ, ఇన్వర్టరే సగం తినేస్తుంది. అర ఆంపియర్ తీసుకునే స్కానర్‌కి 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో సగం వాడుకున్నా 150 గంటలు, ఆరు రోజులు. చేసే పద్ధతి: బ్యాటరీ ప్లస్ దగ్గర, దాన్ని ఆనుకునే, 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ స్కానర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా కలిసినప్పుడు కాలేది వైరు. ఎలుకలు కొరకని ఇల్లు మన దగ్గర ఏదుంది చెప్పండి. కొన్ని ఇళ్లలో రెండు బ్యాటరీలు వరసలో కలిపి 24 వోల్టులు చేస్తారు, అలా ఉంటే రెండిటి చివర్ల నుంచి తీసుకోకండి, స్కానర్ అక్కడికక్కడే పోతుంది. బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు 14 వోల్టులు దాటుతుంది కాబట్టి మీ స్కానర్ ఎంతవరకు తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూశాకే ఛార్జింగ్ సమయంలో కలిపి ఉంచండి. 5 వోల్టుల యూఎస్‌బీతో నడిచే రకం అయితే బ్యాటరీకి నేరుగా వద్దు, కారులో పెట్టే యూఎస్‌బీ ఛార్జర్ మధ్యలో పెట్టండి.

ఆ ఛార్జర్ల గురించి ఒక మాట. చవక ఛార్జర్ తగిలించగానే సిగ్నల్ పడిపోతే నేరం యాంటెన్నాది కాదు, ఛార్జర్ లోపలి సర్క్యూట్ వెదజల్లే నాయిస్‌ది. డిజిటల్ పద్ధతిలో వచ్చే మాటల్లో ఈ నాయిస్ గరగరలాడదు, అందుకే కనిపెట్టడం కష్టం. మాట కాసేపు రోబో గొంతులా ముక్కలవుతుంది, తర్వాత ఏమీ రాదు, మీరేమో అవతల ఎవరూ మాట్లాడడం లేదనుకుంటారు. అనుమానం వస్తే స్కానర్‌ని సొంత బ్యాటరీ మీద నడిపి చూడండి. అయినా తగ్గకపోతే ఇంటి మెయిన్ ఆపి చూడండి. భీమవరం వైపు గానీ మా దగ్గర గానీ చేపల చెరువుల పక్కన ఉండేవాళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినప్పుడు కూడా ఒకసారి వినండి, తేడా ఉంటే యాంటెన్నాని చెరువు వైపు కాకుండా ఇంటికి అవతలి పక్కకి మార్చాలి.

ఇప్పుడు బయటికి పోయే తూములు. హెడ్‌ఫోన్ జాక్ గురించి ఎక్కువ చెప్పను. వాల్యూమ్ సున్నాకి తెచ్చి, పిన్ను పెట్టి, అప్పుడు చెవిలో పెట్టుకోండి, ఈ వరస తప్పకండి. మొబైల్‌తో వచ్చే మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి, స్కానర్ ఆశించేది రెండు గీతలది లేదా ఒక గీతది. దాంతో కొన్నిటిలో ఒక చెవిలోనే వస్తుంది, కొన్నిటిలో సన్నగా ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. రెండు గీతల ఇయర్‌ఫోన్ వేయండి. బయటి స్పీకర్ పెట్టేటట్టయితే 8 ఓమ్‌లది పెట్టండి, దాని రెండు వైర్లలో దేన్నీ పైపుకీ పెట్టె లోహానికీ తగలనివ్వకండి, కొన్ని సెట్లలో స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు.

రికార్డ్ అవుట్, కొన్నిటి మీద లైన్ అవుట్ అని ఉంటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన పోర్టు ఇదే. హెడ్‌ఫోన్ జాక్‌కీ దీనికీ తేడా ఏమిటంటే వాల్యూమ్ బటన్ దీన్ని కదిలించదు. మీరు గదిలో శబ్దం పూర్తిగా తగ్గించి పడుకున్నా దీంట్లోంచి ఒకే స్థాయిలో వస్తూనే ఉంటుంది, కంప్యూటర్ రికార్డు చేసుకుంటూనే ఉంటుంది. రెండు వైపులా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న కేబుల్ తీసుకుని ఒక చివర ఇక్కడ, ఇంకో చివర కంప్యూటర్ లైన్ ఇన్‌లో పెట్టండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఒకే జాక్ ఉంటుంది, దాంట్లో ఈ కేబుల్ పనిచేయదు. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. దానికి మైక్ ఇన్ ఒక్కటే ఉంటే కంప్యూటర్‌లో మైక్ బూస్ట్ ఆపేసి, స్థాయి బాగా తగ్గించి మొదలుపెట్టండి, లేకపోతే గొంతు పగిలిపోతుంది. తగ్గించినా పగులుతుంటే కేబుల్ మధ్యలో 10 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు వేసి స్థాయిని పదకొండో వంతుకి దించొచ్చు.

గుంయ్‌మని హోరు వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను పీకి చూడండి. హోరు ఆగిందంటే అది గ్రౌండ్ లూప్, రెండు పరికరాలూ గోడ ప్లగ్గుల ద్వారా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. మధ్యలో ఒకటికి ఒకటి నిష్పత్తి ఉన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, కారు స్టీరియో సామాన్లు అమ్మే చోట గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అంటే ఇస్తారు.

ఈ పోర్టుతో ఏం చేయొచ్చో ఒక్కటి చెబుతాను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కొన్ని ప్రత్యేక రోజుల్లో 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంది, తేదీలు ముందే ప్రకటిస్తారు. స్కానర్‌ని స్కానింగ్ ఆపి ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ మీద, ఎఫ్ఎం మోడ్‌లో ఉంచి, సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసేసే స్క్వెల్చ్‌ని పూర్తిగా తెరిచి, రికార్డ్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోని ఎంఎంఎస్‌ఎస్‌టీవీ అనే, ధ్వనిని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. కేంద్రం మన మీదుగా పోయేది పది నిమిషాల లోపే, ఒక్కో బొమ్మకి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. మొదటిసారి మా డాబా మీద పెట్టినప్పుడు ముందంతా బుస్సుమనే శబ్దం, తెర మీద రంగురంగుల చుక్కలు. దక్షిణంగా కొబ్బరి మట్టల మీదుగా పైకి రాగానే ఆ బుస్సు తగ్గి లోపల్నుంచి కీచుమని సన్నటి రాగం తేలింది, తెర పైఅంచు నుంచి నీలం రంగు గీత ఒకటి, దాని కింద ఇంకొకటి. "మావయ్యా, బొమ్మొస్తోంది" అని మా మేనల్లుడు అరిచిన అరుపు ఆ రికార్డింగ్‌లో ఉండదు, ఎందుకంటే ధ్వని కేబుల్‌లోంచి పోతోంది గానీ గాలిలోంచి కాదు. ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి కూడా బొమ్మ తీయొచ్చు, అయితే అప్పుడు కుక్క మొరిగినా ఆటో హారన్ కొట్టినా ఆ గీతలన్నీ బొమ్మలో పడతాయి. బొమ్మ ఒక పక్కకి వాలినట్టు వస్తే కంగారు పడకండి, సౌండ్ కార్డు గడియారం కొంచెం తేడాగా ఉందంతే, సాఫ్ట్‌వేర్‌లో స్లాంట్ సరిచేసుకోవచ్చు.

డిస్క్రిమినేటర్ అవుట్ అన్ని స్కానర్లకీ ఉండదు. ఉంటే అది వడకట్టకముందు ధ్వని, మజ్జిగ చేయకముందు పెరుగు లాంటిది. మాటలు వినడానికి దీంతో పని లేదు. అమెచ్యూర్ ఉపగ్రహాలు 9600 బాడ్ వేగంతో పంపే డేటాని కంప్యూటర్‌తో విప్పాలంటే మాత్రం ఇదే కావాలి, రికార్డ్ అవుట్‌లో ఆ డేటాకి కావలసిన భాగాలు అప్పటికే వడపోతలో పోయి ఉంటాయి.

యూఎస్‌బీ దగ్గర తొంభై శాతం తగువు కేబుల్‌దే. ఛార్జింగ్ కేబుళ్లలో కొన్నిటికి లోపల డేటా వైర్లే ఉండవు, స్కానర్ వెలుగుతుంది గానీ కంప్యూటర్‌కి కనిపించదు. ఫోన్‌లోంచి ఫొటోలు కంప్యూటర్‌కి పంపగలిగిన కేబుల్ ఏదో దాన్ని తెచ్చి పెట్టండి, అది స్కానర్‌కి సరిపోయే పిన్ను అయి ఉండాలి. కలపగానే కొన్ని మోడళ్లు మాస్ స్టోరేజా, సీరియల్ మోడా అని అడుగుతాయి. ఛానెళ్లు ఎక్కించడానికీ మెమరీ కార్డులోని రికార్డింగులు తీసుకోవడానికీ మాస్ స్టోరేజ్. స్కానర్ నడుస్తుండగా కంప్యూటర్ నుంచి నడిపించడానికి సీరియల్. సీరియల్‌లో పెట్టాక విండోస్ కంప్యూటర్‌లో డివైస్ మేనేజర్ తెరిచి కామ్ పోర్టు నంబర్ ఎంతో చూసి సాఫ్ట్‌వేర్‌లో అదే నంబర్ ఇవ్వండి. మాస్ స్టోరేజ్‌లో ఉన్నప్పుడు ఎజెక్ట్ చేయకుండా పీకితే కార్డు పాడవుతుంది, ఛానెళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి. అందుకని కార్డులోని మొత్తం ఫోల్డర్‌ని కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచుకోండి, ఈ పని ఈ రోజే చేయండి. ఫర్మ్‌వేర్, అంటే స్కానర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్‌ని మాత్రం కరెంటు వచ్చిపోయే రోజున పెట్టుకోవద్దు.

జీపీఎస్ పోర్టు మనకి పెద్దగా పనికిరాదు. ఊరు మారినప్పుడల్లా ఛానెళ్లు దానంతట అవే మారడానికి పెట్టింది అది, యూనిడెన్ స్కానర్లతో వచ్చే ఆ డేటాబేస్ అమెరికా, కెనడాలది. మీరే ఊరివారీగా జాబితాలు చేసుకుని వాటికి స్థలాలు రాసుకుంటే వాడొచ్చు, అప్పుడు జీపీఎస్ పరికరం, స్కానర్ రెండూ ఒకే బాడ్ రేటులో ఉండాలి. ల్యాన్ ఉన్న ఎస్‌డీఎస్200 లాంటిది అయితే డాబా గదిలో స్కానర్ పెట్టి కింద గదిలో కంప్యూటర్‌లో వినొచ్చు, కేబుల్ పొడవు తగ్గించుకోవడానికి మంచి మార్గం. ఇంటి నెట్‌వర్క్ వరకే ఉంచండి, రౌటర్‌లో పోర్టు తెరిచి బయటి ఇంటర్నెట్‌కి వదలకండి.

చివరగా, తీయడం. పెట్టడం కంటే ఇది ముఖ్యం. ఉరుములు నెత్తి మీదికి వచ్చాక కేబుల్ ముట్టుకోకూడదు, మబ్బు కమ్ముతున్నప్పుడే తీసేయాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులుంటే హెచ్చరిస్తుంది. వరస ఇదీ: ముందు యాంటెన్నా కేబుల్ విప్పి దాని చివరని కిటికీ బయటికి వదిలేయండి, తర్వాత గోడ ప్లగ్, తర్వాత ల్యాన్, యూఎస్‌బీ. ఆ రాత్రి వినాలనుకుంటే స్కానర్‌తో వచ్చిన చిన్న రబ్బరు యాంటెన్నా తగిలించి సొంత బ్యాటరీ మీద వినండి. వాన వెలిశాక డాబా కేబుల్‌ని వెంటనే కలపొద్దు. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కనెక్టర్ లోపల తుడిచి, పావుగంట ఆరనిచ్చి, మల్టీమీటర్ బీప్ పరీక్ష ఇంకోసారి చేసి అప్పుడు కలపండి. దూదికి పచ్చ రంగు అంటిందంటే ఆ కనెక్టర్ కోసేసి కొత్తది వేయాలి.